ఫెబా అని నేనే రాశాను

ఆ శనివారం పొద్దున ఏడు గంటలకే టీవీ ముందు కూర్చున్నాను. ఆసియా క్రీడల్లో ఆడవాళ్ల కబడ్డీ ఫైనల్. మనకూ చైనీస్ తైపేకీ. మా ఆయన విశ్వనాథం గారు పక్కన పేపరు చదువుకుంటూ నా అరుపులకు ఉలిక్కిపడుతున్నారు. ముప్పై మూడేళ్లు ఆడపిల్లల స్కూల్లో పీఈటీగా చేసినదాన్ని, ఈల లేకపోయినా గొంతు చాలు నాకు. "కాలు చూడవే, కాలు!" అని ఇక్కడ నాచారం హెచ్ఎంటీ నగర్‌లో అరిస్తే అక్కడ హాంగ్‌జౌలో వినబడుతుందా? అయినా అరిచాను. ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచాం. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. నా ఏడుపు వేరు.

మా ఆయన పేపరు మడిచి మెల్లగా అన్నారు. "ఆ ఫెబాకి ఒకసారి ఫోన్ చెయ్యకూడదూ?"

"నా దగ్గర నంబరు లేదు."

"ఉంది. అయిదేళ్లుగా నీ ఫోన్లోనే ఉంది."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. లేచి వంటింట్లోకి వెళ్లి గిన్నెలు దబదబా సర్దాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరికీ తెలుసు. అందులో సగం భయమని మాత్రం మా ఆయనకు కూడా తెలియదు.

ఫెబా నా కంటబడింది ఒక మేక వల్ల. మా స్కూలు వెనక గోడ ఒకచోట కూలిపోయి ఉండేది. మల్లాపూర్ వైపు నుంచి వచ్చే మేకలు అందులోంచి దూరి మధ్యాహ్న భోజనం కూరగాయల మీద పడేవి. ఒకనాడు పొద్దున ప్రార్థన జరుగుతుండగా ఒక మేకపోతు తోటకూర కట్ట నోట కరుచుకుని వరుసల మధ్య నుంచి పరుగు తీసింది. ఆడపిల్లలు కెవ్వుమని చెదిరిపోయారు. ఎనిమిదో తరగతి వరుసలోంచి ఒక బక్కపలచని పిల్ల, రెండు జడలు పైకి మడిచి కట్టుకున్నది, బోర్లా దూకి దాని వెనక కాలు మడమ దగ్గర రెండు చేతులతో పట్టేసింది. మేక ఈడ్చింది. పిల్ల దుమ్ములో పది గజాలు ఈడ్చుకుపోయింది కానీ పట్టు వదలలేదు.

"వదలవే, మోకాళ్లు కొట్టుకుపోతున్నాయి!" అని అరిచాను.

"ఇడిస్తె ఉర్కుతది మేడం!"

చివరికి మేకే తోటకూర వదిలేసింది. నేను ఆ పిల్ల మోకాళ్లకు మందు రాస్తూ పేరడిగాను. ఫెబా అంది. రేపటి నుంచి కబడ్డీకి రమ్మన్నాను.

"మా అమ్మనడగాలె మేడం" అంది.

వాళ్లమ్మ మార్తమ్మ నాచారం పారిశ్రామికవాడలో మసాలా పొట్లాలు కట్టే షెడ్డులో పనిచేసేది. మనిషి కంటే ముందు ధనియాల వాసన వచ్చేది. భర్త పీటర్ లారీలకు సరుకెక్కించే పనిలో ఉండి, ఫెబా ఆరో తరగతిలో ఉండగానే పోయాడు. ఫెబా తరువాత ఒక కొడుకు, బెంజమిన్. మార్తమ్మ వచ్చి నా ముందు కొంగు నిండుగా కప్పుకుని నిలబడింది. "ఆడిపియ్యున్రి మేడం. గని ఆదివారం మట్టుకు చర్చి ఇడిశిపెట్టొద్దు" అంది. సరేనన్నాను. ఆ తరువాత ఎన్ని ఆదివారాలు ఆ పిల్ల పొద్దున్నే ఆరాధన చేసుకుని, తెల్ల చున్నీ బ్యాగులో కుక్కి, బస్సు వెంట పరిగెత్తి గ్రౌండుకు వచ్చిందో లెక్కలేదు.

కబడ్డీలో అందరికీ కూతకు వెళ్లాలని ఉంటుంది. గీత దాటి, ఊపిరి బిగబట్టి, కబడ్డీ కబడ్డీ అంటూ పోయి తాకి వచ్చేవాళ్లకే చప్పట్లు. ఫెబా అలా కాదు. ఎడమ మూల నిలబడటమే ఇష్టం. వచ్చినదాని కళ్లలోకి చూడదు, పాదాల వైపే చూస్తుంది. అవతలి పిల్ల అడుగు కాస్త బరువుగా పడిందో, ఇక దాని పని అయిపోయినట్టే. నేను తణుకు వైపు నుంచి వచ్చినదాన్ని, చిన్నప్పుడు మేమూ చెడుగుడు ఆడాం కానీ, అలాంటి పట్టు నేనెక్కడా చూడలేదు. తప్పు చేస్తే తిట్టేదాన్ని, బాగా చేసినా ఇంకా బాగా చెయ్యలేదని తిట్టేదాన్ని. ఆ పిల్ల నవ్వేది. "మేడం, మీరు తిడ్తే గూడ పాట పాడినట్టే ఉంటది. మా దిక్కు తిట్లు గిట్ల ఉండయి" అని నా యాసను వెక్కిరించేది. అందరిలోకీ దానికే ఆ చనువు.

ఇక నేను చేసిన పని చెబుతాను.

ఆ ఏడాది జిల్లా పోటీలకు ఎంట్రీ ఫారాలు నింపుతూ రిజిస్టరు తెరిస్తే ఆ పిల్ల పేరు చింతల సారలమ్మ అని ఉంది. పిలిచి అడిగితే చెప్పింది. ములుగు దగ్గర ఊళ్లో ఉండే నాయనమ్మ మేడారం జాతరలో మొక్కుకుంటే పుట్టిందని సారలమ్మ అని పెట్టిందట. తరువాత అమ్మానాన్నలు నాచారం వచ్చి చర్చిలో చేరారు. పాస్టరు గారు ఫెబా అని పెట్టారు. బడిలో వేసేనాడు మాత్రం పాత పేరే రాయించారు. ఇలాంటి ఇళ్లు మా స్కూలు చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఇంట్లో ఒక పేరు, కాగితంలో ఒక పేరు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. బెంజమిన్ కూడా కాగితం మీద బాలరాజే.

"కాయితాలల్ల సారలమ్మనే ఉండాలంటది మా అమ్మ" అంది ఆ పిల్ల, కాస్త భయంగా.

"సారలమ్మేమిటే! మైకులో చెబితే కర్ర పట్టుకుని ఏ ముసలమ్మో వస్తుందనుకుంటారు. ఫెబా అంటే రెండే అక్షరాలు, జనం అరవడానికి బాగుంటుంది" అన్నాను.

అని, ఫారంలో ఫెబా అని రాశాను. స్కూలు తరఫున ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ మీదా అదే రాశాను. ఈ తారామణి రాస్తే తప్పుండదని మా హెడ్మాస్టరు గారి నమ్మకం. కట్ట మొత్తం చూడకుండా సంతకాలు పెట్టేశారు. సారలమ్మ అంటే ఇక్కడి వాళ్లు ఏ కొండంత నమ్మకంతో బంగారం అని బెల్లం మోసుకుపోయి మొక్కే పేరో నాకు తెలియదా? అప్పటికే పాతికేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను, తెలుసు. తెలిసీ ముసలమ్మ పేరన్నాను. అదీ నా తెలివి.

ఆ పోటీల్లో మైకు పట్టినవాడు "లెఫ్ట్ కార్నర్, ఫెబా!" అని అరిచినప్పుడు మార్తమ్మ పని మానేసి వచ్చి గోడ పక్కన నిలబడి ఉంది. ఆట అయ్యాక చూస్తే కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"ఏమైంది మార్తమ్మా? గెలిచాం కదా!"

"గదిగాదు మేడం. నా బిడ్డను చర్చి బయట గా పేరుతోని పిలువంగ గిప్పుడే ఇన్న" అంది.

నేను చాలా గొప్ప పని చేశానని మురిసిపోయాను.

ఒక సర్టిఫికెట్ చూసి ఇంకో సర్టిఫికెట్ ఇస్తారు. జిల్లా కాగితం చూసి రాష్ట్రం, రాష్ట్రం కాగితం చూసి జాతీయ పోటీలు. అన్నీ ఫెబా పేరు మీదే. ఏడేళ్లలో ఆ పిల్ల ఎనిమిది రాష్ట్రాలు తిరిగింది. ఇంటర్, డిగ్రీ చదువుతూనే ఆడింది. రెండు వేల పద్దెనిమిదిలో, జకార్తా ఆసియా క్రీడల కోసం జట్టును ఎంచే క్యాంపుకు పిలుపు వచ్చింది. పావుకిలో మైసూర్‌పాక్ పట్టుకుని పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది. మెట్ల మీద నుంచే అరుపు.

"మేడం, నన్ను పిల్శిన్రు! ఇండియా క్యాంపుకు!"

నేను ఎన్నడూ ఏ పిల్లనూ ముద్దు పెట్టుకోలేదు. ఆ రోజు పెట్టుకున్నాను. మా ఆయన నవ్వి, "ఆహా, తారామణికి కూడా మనసుందన్నమాట" అన్నారు.

క్యాంపుకు పాస్‌పోర్టు కావాలి. ఆధార్ కావాలి. పదో తరగతి మార్కుల మెమో కావాలి. వాటన్నింటి మీదా సారలమ్మ. ఆడిన సర్టిఫికెట్లన్నింటి మీదా ఫెబా. ఈ ఆటలో ఒకరి కాగితాలతో ఇంకొకరిని ఆడించే మోసాలు జరుగుతుంటాయి కనక, కాగితాలు చూసే ఆయన ఆపేశాడు. ఆయన తప్పేమీ లేదు. పైగా మంచివాడు, నాకే ఫోన్ చేశాడు.

"మేడం, మొట్టమొదటి ఫారం, బోనఫైడ్ రెండూ మీ చేతిరాతే. రిజిస్టరు పేరు రాయకుండా పిలుపు పేరు రాశాను, పొరపాటు నాదే అని మీరొక లెటర్ ఇవ్వండి. రిజిస్టరు నకలు జతచేయండి. సరిపోతుంది. లేదంటే అమ్మాయే అఫిడవిట్ ఇవ్వాలి, సారలమ్మ అన్నా ఫెబా అన్నా నేనే అని. రెండింట్లో ఏదైనా ఫరవాలేదు. కానీ శుక్రవారం లోపల నా చేతికి రావాలి."

"నేను లెటర్ ఇస్తే?"

"మీ డిపార్టుమెంటుకు ఒక కాపీ పోతుంది మేడం. వాళ్లు సంజాయిషీ అడగొచ్చు. నేను దాచను."

నాకు రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉంది. ఆ ఏడే జిల్లా ఉత్తమ ఉపాధ్యాయురాలిగా నా పేరు పంపారు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు. తారామణి దొంగ బోనఫైడ్ రాసిందట అని స్టాఫ్‌రూంలో అనుకుంటారే! ఆ ఊహకే ఒళ్లు మండింది. "అలాంటి లెటర్లు నేనివ్వను. అమ్మాయి చేతే అఫిడవిట్ తీసుకోండి" అని ఫోన్ పెట్టేశాను. అఫిడవిట్ అంటే ఏముంది, యాభై రూపాయల కాగితం, ఒక సంతకం అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు, దానిమీదే కూర్చున్నాను.

బుధవారం సాయంత్రం తల్లీకూతుళ్లు ఉప్పల్‌లో నోటరీ దగ్గర నుంచి నేరుగా మా ఇంటికి వచ్చారు. కాగితం రాశారు కానీ సంతకం కాలేదు. ఆ నోటరీ ఏదో మామూలుగానే అడిగాడట, ఫెబా అంటే చర్చి పేరు కదమ్మా, మతం మారిన్రా, అది కూడా రాయాల్నా అని. అంతే, మార్తమ్మ కూతురి చెయ్యి పట్టుకుని లేచిపోయింది.

"మేడం, గది రాసిస్తె మా కులం సర్టిఫికెట్ తీసేస్తరు" అంది మార్తమ్మ. గడప దాటి లోపలికి కూడా రాలేదు. "బెంజమిన్ పాలిటెక్నిక్ సీటు గా సర్టిఫికెట్ మీదనే వచ్చింది. ఫీజు గవర్నమెంటు కడ్తున్నది. అక్క గిట్ల రాసిచ్చిందని తెలిస్తె తమ్మున్ని ఉంచుతరా? ఒక బిడ్డను ఆటకు పంపి ఇంకో బిడ్డను రోడ్డు మీద ఏస్తనా మేడం? మీరే చెప్పున్రి."

ఆమె భయపడినట్టు జరిగేదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ భయం మాత్రం నిజం.

ఫెబా అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తల్లి వైపు చూడకుండా నన్నడిగింది.

"మేడం, ఇంకో తొవ్వ ఏం లేదా?"

"లేదు" అన్నాను.

అంతే. ఒక్క మాట. నోరు తెరిచినంత సేపు కూడా పట్టలేదు. ఉందే, నా టేబులు సొరుగులో తెల్ల కాగితం ఉంది, పెన్నుంది, రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది అని నాకు తెలుసు. తెలిసి లేదన్నాను. అన్నాక ఆ అబద్ధం బయటపడుతుందేమోనని కోపం తెచ్చుకున్నాను. గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకుంటాడంటారు, నేనైతే ఎదుటివాళ్ల భుజాలే తడిమాను.

"కన్నకూతురి నోట్లో మట్టి కొడుతున్నావు మార్తమ్మా!" అని అరిచాను. "దేశానికి ఆడే పిల్లను పట్టుకుని సీటంటావు, ఫీజంటావు! ఏం తల్లివే నువ్వు? రేపు ఆ పిల్ల మొహం ఎలా చూస్తావు?"

మార్తమ్మ తల వంచుకుని మెట్లు దిగిపోయింది. ఫెబా తల్లి వెనకాల వెళ్తూ ఒక్కసారి నా వైపు చూసి, "థాంక్స్ మేడం, నా కోసం కొట్లాడిన్రు" అంది.

దేవుడా, ఆ థాంక్స్ నన్ను ఎన్నాళ్లో అన్నం తిననివ్వలేదు. అయినా గురువారం నాకు బుద్ధి రాలేదు. శుక్రవారమూ రాలేదు. సాయంత్రం అయిదు దాకా గడియారం చూస్తూ కూర్చున్నాను, అయిదయ్యాక ఇంక చేసేదేముంది అని ఊపిరి పీల్చుకున్నాను. అలా ఊపిరి పీల్చుకున్న మనిషిని నేను.

ఆగస్టులో జకార్తా ఫైనల్లో మనవాళ్లు ఇరాన్ చేతిలో ఓడిపోయారు. ఫెబా ఉండి ఉంటేనా అని స్టాఫ్‌రూంలో ఎవరో అన్నారు. నేను లేచి బయటికి వెళ్లిపోయాను. సెప్టెంబరు అయిదున నాకు శాలువా కప్పారు. ఇంటికొచ్చి దాన్ని బీరువాలో అడుగున పెట్టాను. తరువాతి ఏడు రిటైరయ్యాను.

ఫెబా ఆ తరువాత రాష్ట్రానికి కూడా ఆడలేకపోయింది. ఒకసారి సందేహం వచ్చాక ఎవరు ఆడనిస్తారు? రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి వెళితే అక్కడా అదే. పతకాలన్నీ ఎవరో ఫెబావి. ఆధార్‌లో ఉన్న సారలమ్మ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బీపీఈడీ చేసి చెంగిచెర్లలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేరిందనీ, తల్లిని తీసుకుని అక్కడే అద్దెకుంటోందనీ విన్నాను. ఈ సంగతులన్నీ మా స్కూలు పాత ఆయా కౌసల్యమ్మ చెప్పేది. ఈ మార్చిలో మార్తమ్మ పోయిందని చెప్పింది కూడా ఆమే. "మట్టికి మస్తు మంది వచ్చిన్రు. మీరు రాలేదేంది మేడం?" అంది. మోకాళ్ల నొప్పులన్నాను.

ఇదంతా ఆ శనివారం అన్నం తింటూ మా ఆయనకు చెప్పేశాను. అయిదేళ్లలో మొదటిసారి. ఆయన కలిపిన ముద్ద కలిపినట్టే పెట్టుకుని విన్నారు.

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు తారా" అన్నారు చివరికి.

"ఇప్పుడేం చెయ్యమంటారు? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

"నన్నడుగుతావేం? కాలింది నీ చేతులు కాదు. వెళ్లి ఆ పిల్లకు చెప్పు."

ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి షేర్ ఆటో ఎక్కాను. బోడుప్పల్ దాటేదాకా ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. చెంగిచెర్లలో దిగేసరికి ఒక్కటీ గుర్తు లేదు. స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్‌ను ఫెబా ఉందా అని అడిగాను.

"ఫెబానా? గా పేరుతోని ఎవ్వరు లేరమ్మ."

"పీఈటీ. కబడ్డీ నేర్పుతుంది."

"ఓ, సారలమ్మ మేడమా! గ్రౌండుల ఉన్నది, పోన్రి."

స్కూలు వదిలేశారు. గ్రౌండులో పదిహేను మంది ఆడపిల్లలు, మధ్యలో ట్రాక్‌సూట్ వేసుకుని ఫెబా. పొద్దున గెలుపు పిల్లల ఒంట్లో ఇంకా ఉంది, ఒక్కతీ నిలకడగా లేదు. నన్ను చూసి ఫెబా ఈల నోట్లోంచి తీసి పరుగెత్తుకొచ్చింది. రెండు చేతులూ పట్టుకుంది.

"మేడం! మ్యాచ్ సూసిన్రా? ఆఖరి కూతకు నాకైతే పానం పోయింది! మ్యాచ్ సూస్కుంటనే అనుకున్న, మేడం ఇప్పుడు టీవీని తిడ్తుంటరని."

కుర్చీ తెప్పించింది. నీళ్లిచ్చింది. పిల్లల్ని పిలిచి, "గీ మేడమే నాకు ఆట నేర్పింది. మీరు నేను తిడ్తున్ననుకుంటరు, గీమె తిట్లు ఇనలె మీరు" అని నవ్వించింది. పిల్లలు మళ్లీ ఆటలోకి వెళ్లాక నా పక్కన గట్టు మీద కూర్చుంది.

"మీ అమ్మ సంగతి విన్నాను. రాలేకపోయానే" అన్నాను.

"ఆఁ. పోయింది" అంది. ముఖం అటు తిప్పుకుంది. అంతకుముందున్న నవ్వు లేదు. తల్లిని తలుచుకుని ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఆ బిగుసుకున్న ముఖం నాకు అర్థం కాలేదు.

ఇంక ఆగితే చెప్పలేనని మొదలుపెట్టాను. ఫోన్ సంగతి చెప్పాను. లెటర్ సంగతి చెప్పాను. రెండు దారులున్నాయనీ, ఒకటి నా చేతిలో ఉందనీ, మెమోకు భయపడి, శాలువాకు ఆశపడి ఇవ్వలేదనీ చెప్పాను. నువ్వు ఇంకో తొవ్వ లేదా అంటే లేదన్నానే, అది అబద్ధం అని చెప్పాను. చెప్పేటప్పుడు ఆమె వైపు చూడలేకపోయాను. ముందున్న పిల్లల పాదాల వైపు చూస్తూ చెప్పాను.

"అంటే, మా అమ్మ సంతకం వద్దన్నా నేను పోయేదాన్నా?" అంది ఫెబా.

"పోయేదానివి."

"బెంజమిన్ సీటు పోకుంట?"

"ఏదీ పోయేది కాదు. నాకొక మెమో వచ్చేది, అంతే."

ఫెబా ఈల తాడు వేలికి చుట్టి చుట్టి బిగించింది. వేలి కొస తెల్లబడింది.

"మేడం, గా దినం మీ ఇంట్లకెంచి పోయినంక మా అమ్మతోని ఏమన్ననో ఎర్కనా? నీకు కాయితమే ముద్దు గద, ఇగ నన్ను కాయితం మీది పేరుతోనే పిలువు, ఫెబా అన్నవంటే పలుకను అన్న. కోపంల అన్న. రెండు మూడుసార్లు మర్శిపోయి పిల్శింది. నేను పలుకలె. మళ్ల ఎన్నడు పిలువలె. అయిదేండ్లు మేడం. ఒక్క ఇంట్లనే ఉన్నం. అన్నం పెట్టిన, మందులు తెచ్చిన, దవాఖానాల నేనే ఉన్న. గని మనసిచ్చి ఒక్క మాట మాట్లాడలె. మీరు నా కోసం కొట్లాడిన్రు, కన్నతల్లి కొట్లాడలె అనుకున్న."

నేను మాట్లాడబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఆఖరి దినాలల్ల గొంతు గూడ సరిగ రాకపోతుండె. అప్పుడు గూడ, సారలమ్మా, జర నీళ్లియ్యి బిడ్డా అన్నది. ఆమె ప్రార్థన చేసుకుంట నేను నిద్రవోయిననుకున్నది ఒకసారి. నా బిడ్డ ఫెబాను సల్లగ సూడు తండ్రీ అని దేవునికి చెప్పుకుంటున్నది. నేను ఇన్న. ఇని గూడ కండ్లు తెరువలె."

ఇప్పుడు ఏడ్చింది. నేను ఆమె వైపు చెయ్యి చాపాను, తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. నేను ఒక ఆట పాడుచేశాననుకుని అయిదేళ్లు కుమిలాను. పాడైంది ఆట ఒక్కటే అనుకున్నాను.

"నన్ను తిట్టవే ఫెబా. నోరారా తిట్టు. నీకు పుణ్యముంటుంది" అన్నాను.

ఆమె మోచేత్తో ముఖం తుడుచుకుంది.

"మిమ్ముల తిడ్తే మా అమ్మకు ఇనవడ్తదా మేడం?"

గ్రౌండులో ఎవరో పిల్ల పడిపోయింది. మిగతావాళ్లంతా ఒక్కసారిగా ఇటు తిరిగి, "సారలమ్మ మేడం! సారలమ్మ మేడం!" అని కేకలు పెట్టారు.

"ఆఁ, వస్తున్న" అని పలికి, ఆమె లేచి వాళ్ల దగ్గరికి వెళ్లింది.